ఫ్యూజు పోలేదు, డబ్బా కాలింది!

మీ ఇంట్లో మోటారు సైకిలు ఉందా? ఉంటే దాని సీటు కిందనో, పక్క మూత వెనకనో, బ్యాటరీకి దగ్గరగా చిన్న ప్లాస్టిక్ గూడు ఒకటి ఉంటుంది. అందులో గోరంత ఫ్యూజు కూర్చుని ఉంటుంది. మా నిజామాబాదు వైపు దాన్ని ఫ్యూజు అనేవాళ్ళ కన్నా "ఫీజు" అనేవాళ్ళే ఎక్కువ. "ఫీజు పోయింది", "ఫీజు కొట్టేసింది" అన్న మాటలు మీరూ వినే ఉంటారు. కానీ ఫ్యూజు క్షేమంగా ఉండగానే, అది కూర్చున్న గూడు కరిగి మాడిపోవడం ఎప్పుడైనా చూశారా? కాపలావాడికి ఏమీ కాలేదు, కాపలా గది మాత్రం తగలబడిందన్నట్టు!

నాకు ఆ వింత చూపించింది నా బండే. దాని సంగతి అడిగి నన్ను ఇరుకున పెట్టింది మా బడిలో పదో తరగతి చదివే ఒక అమ్మాయి.

నేను ఉండేది నిజామాబాదులో. బడి బోధన్ దగ్గర ఒక పల్లెలో. రోజూ జానకంపేట, ఎడపల్లి మీదుగా మోటారు సైకిలు మీదే రాకపోకలు. ఒకప్పుడు చలికాలంలో ఈ దారి నిండా చెరకు బండ్లు బారులు తీరి ఉండేవి. 1937లో నిజాం ప్రభుత్వ కాలంలో ఏర్పడిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. ఆ తర్వాత చాలామంది రైతులు వరికి మళ్ళారు. ఇంకా చెరకు వేసేవాళ్ళు లేకపోలేదు. నరికిన చేలలో చెత్త తగలబెట్టే వాసన ఇప్పటికీ అక్కడక్కడ ముక్కుకు తగులుతూనే ఉంటుంది. ఈ వాసన సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ వారం రోజులూ నాకు వస్తున్న మాడు వాసన చేలలోంచే వస్తోందని నేను నమ్మాను. అది నా మోకాలి కిందినుంచే వస్తోందని తెలుసుకోలేదు!

ఇంకా కొన్ని సూచనలు కూడా బండి ఇచ్చింది. హారన్ గొంతు జలుబు చేసినట్టు బొంగురుపోయింది. పక్క లైట్లు ఆగి ఆగి వెలుగుతున్నాయి. గుంతలో పడ్డప్పుడల్లా హెడ్‌లైటు ఒక్క క్షణం మసకబారి మళ్ళీ వెలుగుతోంది. బ్యాటరీ ముసలిదైందిలే అనుకుని ఊరుకున్నాను. డిసెంబరు నెల ఒక సాయంత్రం ఎడపల్లి దాటాక పెద్ద గుంతలో పడగానే లైటు, హారన్, ఇంజను అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. చుట్టూ చీకటి. వెనక ట్రాక్టరు వస్తోంది. లైటు లేని బండిని రోడ్డు దింపేలోపు గుండె గొంతులోకి వచ్చింది.

పక్క మూత తీసి సెల్‌ఫోను వెలుగులో చూస్తే ఫ్యూజు బాగానే ఉంది. నీలం రంగు ఫ్యూజు, అంటే 15 ఆంపియర్లది. లోపలి తీగ ఎక్కడా తెగలేదు. కాని హోల్డరు ఒక పక్కన గోధుమరంగుకు తిరిగి, మైనంలా జారి, మళ్ళీ గట్టిపడి ఉంది. దగ్గరలో పంక్చర్లు వేసే ఒకాయన వచ్చి చూశాడు. "గింతే గదా సారూ" అని హోల్డరుకు రెండు వైపులా వైర్ల తొడుగు గీకి, నాలుగైదు రాగి పోగులు మెలిపెట్టి, ఒక వైరు నుంచి రెండో వైరుకు చుట్టేశాడు. తాళం తిప్పగానే లైటు భగ్గుమని వెలిగింది. అంత వెలుగు నేను నెలరోజులుగా చూడలేదు! సంతోషంగా ఇంటికి వెళ్ళాను. మర్నాడు అలాగే బడికీ వెళ్ళాను. ఓమ్ నియమం ముప్పై ఏళ్ళుగా చెబుతున్న మనిషిని చేసిన పని ఇది. సిగ్గుగానే ఉంది గాని దాచి లాభం లేదు.

ఆ రోజు పాఠం కూడా విద్యుత్తే. కబుర్ల మధ్య రాత్రి జరిగింది చెప్పి, పిల్లలకు బండి చూపించాను. అప్పుడడిగింది ఆ అమ్మాయి: "సార్, ఫీజు మంచిగనే ఉంది గదా. మరి దాని డబ్బా ఎందుకు కాలింది?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎక్కువ కరెంటు పారితే ఫ్యూజు కరిగి, వలయాన్ని తెంపి, మిగతావాటిని కాపాడుతుందని కదా మనం చదువుకునేది? ఎక్కువ కరెంటు పారి ఉంటే ఫ్యూజు పోవాలి. పారకపోతే డబ్బా కాలకూడదు. రెండింట్లో ఏదో ఒకటి తప్పు.

ఇక్కడ కాస్త ఆగి, ఇంగ్లండులోని మాంచెస్టరు దాకా వెళ్ళివద్దాం. అక్కడ బీరు తయారు చేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ అనే యువకుడు తీగచుట్టను నీళ్ళలో ముంచి, దానిలోంచి విద్యుత్తు పంపి, నీళ్ళు ఎంత వేడెక్కాయో థర్మామీటరుతో కొలిచాడు. 1841లో ప్రచురించిన ఆ ఫలితమే మీ పుస్తకంలో ఉన్న జౌల్ నియమం. సెకనుకు పుట్టే ఉష్ణం ప్రవాహం వర్గానికీ, నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. మనలో చాలామంది ప్రవాహం సంగతి గుర్తుపెట్టుకుని, నిరోధం సంగతి మరిచిపోతాం. నేనూ అదే చేశాను. ప్రవాహం పెరగకపోయినా సరే, దారిలో ఒకచోట నిరోధం పెరిగితే ఆ ఒక్కచోట వేడి పెరుగుతుంది.

ఫ్యూజుకు తెలిసింది తనలోంచి ఎంత కరెంటు పారుతోందన్నది ఒక్కటే. తన కాలు దగ్గర, అంటే హోల్డరు లోహపు బిగింపు దగ్గర, నిరోధం పెరిగి నిప్పు పుడుతుంటే దానికి పట్టదు. పైగా నిరోధం పెరిగితే కరెంటు కాస్త తగ్గుతుంది కూడా. కాబట్టి ఫ్యూజు ఇంకా నిశ్చింతగా ఉంటుంది!

మరి అక్కడ నిరోధం ఎందుకు పెరిగింది? రెండు లోహపు రేకులు ఒకదాన్నొకటి గట్టిగా ఆనుకున్నట్టు కంటికి కనిపిస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఎంత నున్నని లోహమైనా గుట్టలూ లోయలూ ఉన్న నేలలాగే ఉంటుంది. రెండు రేకులు నిజంగా తాకేది ఎత్తైన గుట్టల శిఖరాల దగ్గరే. స్వీడన్‌లో పుట్టి, బెర్లిన్‌లో సీమెన్స్ సంస్థలో పనిచేసిన రాగ్నర్ హోల్మ్ అనే శాస్త్రజ్ఞుడు తన జీవితంలో చాలా భాగం ఈ తాకుడు చుక్కల మీదే గడిపాడు. కరెంటంతా ఆ కొద్ది చుక్కల గుండా ఇరుక్కుని పోవాలి. చెరకు బండ్లన్నీ ఫ్యాక్టరీ ముందు ఒకే గేటు దగ్గర తోసుకున్నట్టన్నమాట. బిగింపు గట్టిగా ఉంటే చుక్కలు ఎక్కువ, వదులైతే తక్కువ. వాన నీరు, దుమ్ము చేరి లోహం మీద ఆక్సైడు పొర కట్టిందంటే ఆ కొద్ది చుక్కలు కూడా మూతపడతాయి.

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. పాత టార్చిలైటు మసగ్గా వెలిగితే అరచేతిలో ఒక దెబ్బ కొడతారు కదా, వెంటనే బాగా వెలుగుతుంది. సెల్లులో శక్తి పెరగలేదు. తాకుడు చుక్కలు పెరిగాయి.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ జబ్బు తనను తానే పెంచుకుంటుంది. నిరోధం వల్ల వేడి పుడుతుంది. వేడికి హోల్డరులోని బిగింపు తన స్ప్రింగు గుణం పోగొట్టుకుని మరింత వదులవుతుంది, ఆక్సైడు పొర మరింత మందమవుతుంది. దాంతో నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. నెలల తరబడి నెమ్మదిగా సాగి, చివరి నాలుగు రోజుల్లో పరుగెత్తుతుంది.

అయితే అంత వేడిలో ఫ్యూజు ఎందుకు కరగలేదు? ఆ అమ్మాయి రెండో ప్రశ్న ఇదే. ఇలాంటి ఫ్యూజుల తీగ సాధారణంగా జింకుతోనో, జింకు మిశ్రమంతోనో చేస్తారు. జింకు ద్రవీభవన స్థానం సుమారు 420 డిగ్రీల సెల్సియస్. హోల్డర్లకు ఎక్కువగా వాడే నైలాను రకం సుమారు 260 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. వైర్ల మీది పి.వి.సి. తొడుగు అంతకన్నా చాలా ముందే, నూరు డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడుతుంది. వేడి బయటినుంచి వచ్చినప్పుడు ముందు తొడుగు, తర్వాత డబ్బా, అన్నిటికన్నా చివర ఫ్యూజు! పాత బండ్లలో ఉండే గాజుగొట్టం ఫ్యూజుల్లో మాత్రం కొన్నిసార్లు చివరి టోపీల్లోని టంకం ఈ వేడికి కరిగి, తీగ ఊడి వచ్చేస్తుంది. కొత్త ఫ్యూజు వేస్తారు, నాలుగు రోజులకు అదీ పోతుంది. "ఈ బండి ఫీజులు తింటుంది" అని దానికో పేరు వస్తుంది పాపం.

కాబట్టి పోయిన ఫ్యూజును పారేయకండి, వెలుగులో పట్టుకుని చూడండి. తీగ మధ్యలో పేలి, లోపల నల్లగా మసి, లోహపు తుంపరలు కనిపిస్తే ఎక్కడో వైర్లు నేరుగా కలిసి ఒక్కసారిగా విపరీతమైన కరెంటు పారిందని అర్థం. తీగ మెత్తబడి వంగి నెమ్మదిగా తెగినట్టుంటే, మోయలేని బరువు చాలాసేపు మోసింది. తీగ బాగానే ఉండి కాలు మాత్రం రంగు మారి, పక్క ప్లాస్టిక్ మాడి ఉంటే దొంగ హోల్డరులోనే ఉన్నాడు.

సరే, అనుమానం ఒకటి, రుజువు ఒకటి. బడి ప్రయోగశాలలోని మల్టీమీటరు తెచ్చాము. నిన్నటి రాగి పోగులు విప్పేసి, పాత ఫ్యూజునే ఆ హోల్డరులో నొక్కిపెట్టాను. ముందుగా, అందరూ చేసినట్టే, మీటరును బీప్‌మనే స్థానంలో పెట్టి రెండు కొనలు తాకించాము. బీప్‌మంది. "అయితే మంచిగనే ఉన్నట్టు" అన్నారు పిల్లలు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఆ పరీక్షలో మీటరు పంపేది మిల్లీఆంపియర్లలో ఉండే పిల్ల కరెంటు. ఖాళీ ఎడ్లబండిని కల్వర్టు మీదుగా నడిపించి, చెరకు లోడు కూడా వెళ్తుందని సర్టిఫికెట్టు ఇచ్చినట్టుంటుంది. పోనీ నిరోధమే కొలుద్దామంటే, మనం వెతికే నిరోధం మీటరు వైర్ల సొంత నిరోధంలో కలిసిపోతుంది.

బరువు మోస్తున్నప్పుడే పట్టుకోవాలి. తాళం తిప్పి లైట్లన్నీ వెలిగించాము. నా బండిలో హెడ్‌లైటు కూడా బ్యాటరీ మీదే నడుస్తుంది. అది 35 వాట్లు, నేను మోజుపడి బిగించుకున్న అదనపు లైటు 20 వాట్లు, వెనక లైటూ మిగతావీ కలిపి ఇంకో 17. మొత్తం 72 వాట్లు. 12 వోల్టులతో భాగిస్తే 6 ఆంపియర్లు. ఫ్యూజు 15 ఆంపియర్లది కనుక దానికి ఇది లెక్కలోకే రాదు. ఇప్పుడు మీటరును వోల్టుల స్థానంలో పెట్టి, హోల్డరులోకి వచ్చే వైరు మీద ఒక కొన, బయటికి పోయే వైరు మీద ఒక కొన ఉంచాము. సున్నాకు దగ్గరగా ఉండాలి. మీటరు 0.90 వోల్టులు చూపించింది!

తర్వాత ముక్కలుగా కొలిచాము. ఇలాంటి ఫ్యూజుల తలమీద కొలవడానికి వీలుగా లోహపు చుక్కలు రెండు బయటికి కనిపిస్తుంటాయి. ఎడమ కాలి దగ్గర 0.02 వోల్టు. ఫ్యూజు తీగలో 0.03. కుడి కాలి దగ్గర 0.85! ఇక లెక్క పిల్లలే కట్టారు. 0.85ను 6తో భాగిస్తే నిరోధం సుమారు 0.14 ఓమ్. 0.85ను 6తో గుణిస్తే 5.1 వాట్లు. ఎడమ కాలి దగ్గర 0.12 వాట్టే. అంటే కుడి వైపు నలభై రెట్ల పైచిలుకు వేడి, అదీ కందిగింజంత చోటులో, గాలి ఆడని డబ్బాలో. పూర్వం పడకగదుల్లో పెట్టే 15 వాట్ల జీరో బల్బును వెలుగుతుండగా పట్టుకోలేం కదా, దానిలో మూడోవంతు వేడిని కందిగింజలో కుదించారనుకోండి.

"మరి రాగి పోగులు కడితే మంచిగ వెలిగింది గదా సార్" అన్నాడు వెనకనుంచి ఒక కుర్రవాడు. న్యాయమైన మాటే. ఆ పోగులు పాడైన హోల్డరును తప్పించి కరెంటుకు వేరే దారి చూపాయి, అందుకే లైటు బాగా వెలిగింది. కాని ఫ్యూజును కూడా తప్పించాయి. ఏ తీగ ఎంత కరెంటుకు కరుగుతుందో విలియం ప్రీస్ అనే ఇంజనీరు 1880లలోనే ఒక సూత్రం కట్టాడు. తీగ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాని వర్గమూలంతో గుణించి, రాగికైతే 80తో హెచ్చవేయాలి. మామూలు వైరులోని పోగు 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్కో పోగు సుమారు 7 ఆంపియర్లు తట్టుకుంటుంది. ఐదు పోగులు 35. ఫ్యూజు ఉండవలసింది 15. దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని చట్రానికి తగిలి ఉంటే, ముందు కరగవలసినవాడు కరగడు. వైర్ల కట్ట మీది తొడుగు కాలుతుంది. ఆ కట్ట వెళ్ళేది ఎక్కడినుంచో తెలుసా? పెట్రోలు ట్యాంకు కిందినుంచి. ఆ లెక్క బోర్డు మీద వేస్తుంటే, రాత్రి ఆ ట్యాంకు మీద మోకాళ్ళు ఆనించి పదిహేను కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేశానని గుర్తొచ్చి నా చేతిలో సుద్దముక్క ఒక్క క్షణం ఆగింది. సిగరెట్టు పెట్టె వెండికాగితం చుట్టినా, 15 తీసి 30 ఆంపియర్ల ఫ్యూజు వేసినా ఇదే ప్రమాదం. మా బండి సంగతే తీసుకుంటే, 30 వేసినా ఆ కుడి కాలి దగ్గర వేడి వీసమెత్తు తగ్గదు.

సాయంత్రం బండిని ఇంటిదాకా నడపలేదు. బడి దగ్గరే వదిలి బస్సులో వెళ్ళి, మర్నాడు నిజామాబాదులో నాకు తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చాను. ఆయన చదివింది ఏడో తరగతే గాని చెయ్యి చాలా శుభ్రమైనది. ఆయన పని చేస్తుంటే పిల్లలు చుట్టూ మూగి చూశారు.

మొదట బ్యాటరీ నెగటివు వైరు విప్పాడు. పాజిటివు ముందు విప్పితే ఏమిటి? మన బండ్లలో చట్రమంతా నెగటివుకు కలిసి ఉంటుంది. పాజిటివు విప్పేటప్పుడు పానా జారి చట్రానికి తగిలిందా, ఫ్యూజు లేని చోట బ్యాటరీ నేరుగా చట్రానికి కలిసి, నిప్పులు చిమ్ముతాయి. నెగటివు ముందు తీసేస్తే ఆ భయం లేదు.

తర్వాత హోల్డరును కత్తిరించి తీశాడు. వైరు తొడుగు చెక్కితే లోపలి రాగి నల్లగా ఉంది. ఇంకో అంగుళం కత్తిరించాడు, ఇంకా నలుపే. మరో అంగుళం కత్తిరించాక ఎర్రగా మెరిసే రాగి బయటపడింది. "నల్ల రాగికి టంకం అంటదు, నొక్కినా పట్టదు" అన్నాడు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నల్ల వైరుకే కొత్త హోల్డరు తగిలిస్తే జబ్బు కొత్త ఇంటికి మారుతుందంతే. కురచైన వైరుకు అదే మందంగల కొత్త ముక్క కలిపి, లగ్గులను నొక్కే పనిముట్టుతో గట్టిగా బిగించాడు. అదిరే బండిలో టంకం ఒక్కదాన్నే నమ్ముకోకూడదట. టంకం పట్టిన చోట వైరు బిరుసెక్కి, అది ముగిసిన అంచు దగ్గర విరుగుతుంది. అతుకుల మీద వేడికి ముడుచుకునే స్లీవు తొడిగి, నీరు జొరబడకుండా రబ్బరు మూత ఉన్న కొత్త హోల్డరు పెట్టి, దాన్ని నీళ్ళు నిలవని చోట కట్టాడు. ఫ్యూజు కూడా కొత్తదే, మళ్ళీ 15 ఆంపియర్లదే. పాతదాని కాలు రంగు మారింది కనుక అది కొత్త హోల్డరును కూడా పాడుచేస్తుంది.

నా అదనపు లైటు మాత్రం ఊడదీయించాను. ప్రవాహం వర్గం లెక్కన చూస్తే, 6 ఆంపియర్లు నాలుగున్నరకు దిగినా వేడి దాదాపు సగమవుతుంది. దాన్ని తీసేముందే అన్ని లైట్లతో మళ్ళీ కొలిచాము: ఎడమ 0.02, ఫ్యూజు 0.03, కుడి 0.02. మొత్తం 0.07 వోల్టు. బోర్డు మీద 0.90 పక్కన 0.07 రాసినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. మెకానిక్కు సిగ్గుపడ్డాడు.

ఒక హెచ్చరిక. ఈ కొలతలు 12 వోల్టుల బండి మీద, పెద్దవాళ్ళ ఎదుట చేయదగినవి. ఇంటి కరెంటు మీద, పొలం కరెంటు మీద వీటిని చేయకండి. అది ప్రాణం తీసే వోల్టేజి.

ఈ మాట చెప్పగానే ఆ అమ్మాయి లేచి, "సార్, మా బోరు స్టార్టరు డబ్బాల గూడ ఒక పక్క ఇట్లనే నల్లగైంది. మా నాయిన రెండుసార్లు ఫీజు తీగ మార్చిండు" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. బోరు మోటారుకు మూడు ఫేజులు కావాలి. ఒక ఫేజు బిగింపు కాలి తెగిపోతే, మోటారు మిగిలిన రెండింటి మీద నడవబోయి వాటిలోంచి ఎక్కువ కరెంటు లాగి, లోపలి తీగచుట్టలు మాడ్చుకుంటుంది. నాట్లు వేసే రోజుల్లో మోటారు కాలితే ఆ ఇంటి సంగతి ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. పైగా తడి మట్టిలో నిలబడి ఆ డబ్బా తెరిచే చేయి వాళ్ళ నాన్నది. "మీ నాయినను డబ్బా ముట్టుకోవద్దని చెప్పు బిడ్డా. మెయిన్ బందు చేయించి, ఎలక్ట్రీషియన్‌తో ప్రతి స్క్రూ బిగించి చూడమను" అని చీటీ రాసి పంపాను.

సోమవారం నాడు ప్రార్థన కాకముందే వచ్చి చెప్పింది. మధ్య ఫేజు స్క్రూ వదులైందట. దాని కిందికి వచ్చే వైరు కొన బొగ్గులా ఉంటే కత్తిరించి, కొత్త కొన తీసి బిగించారట. స్క్రూ ఎంత వదులుగా ఉందని అడిగాను. వేళ్ళతో గాలిలో తిప్పి చూపించింది, ముప్పాతిక మలుపు.